వేడి పడని పెట్టె

బర్మాలోని ఆ తెలుగు సంఘం భవనంలో బ్యాటరీ ఆగిపోవడం ఈ నెలలో అది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పుడు ఆగింది భజన మైకు ఒక్కటే. ఈ మంగళవారం మాత్రం అదే భవనంలోని ధర్మవైద్యశాలలో ఒక ముసలాయన ఆయాసానికి మూతికి గొట్టం పెట్టుకుని మందు పీలుస్తుండగా మిషను ఆగింది. ముసలాయనకేమీ కాలేదు గాని, పక్కనున్న కోడలు పెట్టిన కేకలకు మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని ఆ సందు సందంతా వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతమంది చూశాక సెక్రటరీ లోకనాథం గారికి ఫోను తీయక తప్పలేదు.

"నువ్వు కట్టిన పెట్టే కదయ్యా ఇది? రెండు నెల్లు కాలేదు, కాలిన కంపు కొడతన్నాది. ఒకసారొచ్చి నీ మొహం చూపించు."

పబేడాన్ బజారులో కొట్టు వెనక గదిలో కూచుని వైర్లు అతుకుతున్న సుభాష్ పని ఆపి సంచీ సర్దుకున్నాడు. అతనికి యాభై నిండాయి. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో యాసిడ్ బ్యాటరీల దగ్గర పని నేర్చినవాడు, ఇప్పుడు కో జ్యా అనే బర్మా ఆసామి కొట్టులో లిథియం బ్యాటరీలు కడతాడు. ఈ ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలీదు గనక ఆ పనికి కొదవ లేదు. సంఘం బ్యాటరీ కూడా అతని చేతి పనే. ఇటుకల్లాంటి పదహారు సెల్లులు వరసగా పేర్చి, వాటి నెత్తిన బీఎంఎస్ అనే కాపలా బోర్డు బిగించాడు. ఏ సెల్లు ఎంత నిండింది, ఎక్కడ ఎంత వేడెక్కింది కనిపెట్టుకుంటూ, హద్దు దాటితే గొళ్లెం వేసేసే బోర్డు అది. అది ఆపేసిందంటే ఎక్కడో వేడి మితిమీరిందన్నమాట.

భవనం గుమ్మం దాటగానే ఎడమ గోడలో ఉంటుంది ఆ పెట్టె. గోడ తొలిచి గూడు చేసి, లోపలంతా తెల్ల టైల్స్ అతికించి, అందులో పెట్టెను కూచోబెట్టారు. మూడు పక్కలా గోడే. ఎదురుగా పెట్టె తలుపు, తలుపు మీద రెండడుగుల స్టీలు ఫలకం. ఫలకం మీద లక్ష్మీనరసమ్మ గారి ముఖం చెక్కి ఉంది. కింద తెలుగులోనూ బర్మాలోనూ ఆమె పేరు, ఆమె జ్ఞాపకార్థం బ్యాటరీ ఇచ్చిన కొడుకు రామలింగం గారి పేరు. ఈ దేశంలో దానం చేసినవాడి పేరు లేకుండా వీధిలో మంచినీళ్ల కుండ కూడా ఉండదు. మనవాళ్లు ఆ అలవాటు పట్టుకుని, దానికి పసుపు, కుంకుమ, మల్లెదండ కూడా కలిపారు.

"కారణం తెలిసిపోనాదిలే," అన్నాడు లోకనాథం గారు కళ్లజోడు తుడుచుకుంటూ. "దేముడమ్మ. మెట్ల కింద గదిలో రైస్‌కుక్కరు దొరికినాది. బేటరీ మీద అన్నం వండుకుంటే కాలదేటి మరి?"

దేముడమ్మ అక్కడే ఉంది, వైద్యశాల నేల తడిగుడ్డతో తుడుస్తూ. అరవై దాటిన మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఆ మెట్ల కింద గదే ఆమె ఇల్లు. ఊడ్చేదీ, దీపం పెట్టేదీ, రోగులు వాంతి చేసుకుంటే కడిగేదీ ఆమే.

"కుక్కరున్నాది, లేదనను," అంది తల ఎత్తకుండానే. "కరెంటొచ్చినప్పుడు వొండుకుంటాను. బేటరీ మీద ఒక్కనాడూ ఎట్టలేదు."

"విన్నావా? ఇదీ వరస." లోకనాథం గారు సుభాష్ వైపు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవ త్వరగా తెమిలిపోతే చాలుననుకునే మనిషి, అంతే. "శనివారం కమిటీ ఉన్నాది. రాముడి ముందర కర్పూరం పట్టుకుని తప్పయిందని ఒక్కముక్క చెప్పీమన్నాను. ఎవులూ ఏటీ అనరు, గది గదే ఉంటాది. చెప్పకపోతే మరి ఖాళీ చెయ్యాల. అంతకంటే దర్మం ఏటుంటాది?"

"సెయ్యని తప్పు ఎలగొప్పుకోనూ?" అంది దేముడమ్మ, గుడ్డ బకెట్లో పిండుతూ.

సుభాష్ ఫోను తీసి బోర్డుకు కలిపాడు. తెర మీద అంకెలు దిగాయి. ఆగి గంటన్నరయినా బోర్డు ఇంకా డెబ్భై ఎనిమిది డిగ్రీలుంది. ఆగిన క్షణాన తొంభై ఐదు. కింద చిన్న అక్షరాల్లో, హద్దు: తొంభై ఐదు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన హద్దు డెబ్భై ఐదు. దాన్ని తొంభై ఐదుకు జరిపింది అతని వేలే. ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం నాడు ముహూర్తం దాటిపోతోందని అందరూ తొందరపెడుతుంటే, గాలి కంతలున్న తలుపు మీద ఈ ఫలకాన్ని నాలుగు మరలతో బిగించింది కూడా అతనే. కంతలు మూసుకుపోతాయనే మాట గొంతుదాకా వచ్చింది. రామలింగం గారు తల్లి ముఖాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కళ్లు తడి చేసుకుని నిలబడి ఉంటే ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. గంట తిరగకుండా బోర్డు గొళ్లెం వేసింది, ఆయన తల్లి గురించి మాట్లాడుతుండగా మైకు మూగబోయింది. అప్పుడు సుభాష్ ఒక మూలకు పోయి ఫోనులో ఆ అంకె మార్చాడు. మైకు పలికింది, జనం చప్పట్లు కొట్టారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతని వేలు తనంతట తనే తెర ఆర్పేసింది.

"ఏటయ్యా, ఏటంటన్నాది నీ ఫోను?" అన్నాడు లోకనాథం గారు.

"ఇప్పుడేటీ చెప్పలేను. రేపు కరెంటొచ్చే వేళకొచ్చి పూర్తిగా చూడాల."

బుధవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా వచ్చాడు. ఏప్రిల్ ఎండ నడినెత్తిన ఉంది. కొత్త సంవత్సరపు నీళ్ల పండగ అయిపోయి వారం కూడా కాలేదు, అప్పుడే ఒంటిమీద తడి అన్న మాట జనం మరిచిపోయారు. సుభాష్ చొక్కా విప్పి బనీనుతో కూచుని పెట్టె తలుపు తీశాడు. గుప్పుమని కంపు కొట్టింది. బోర్డు నుంచి వచ్చే ఎర్ర వైరు తొడుగు అంగుళం మేర మెత్తబడి, గోధుమరంగు తిరిగి ఉంది. ఇంకొన్నాళ్లు ఇలాగే నడిస్తే తొడుగు కరిగి వైరు పెట్టె గోడకు తగులుతుంది. తగిలితే ఆపటానికి ఏ గొళ్లేలూ చాలవు. పక్క గదిలోనే రోగులు కూచుంటారు.

చేతిలో విద్య ఉన్నవాడు చెయ్యవలసిన వరసలోనే చేశాడు. ముందు నట్లు. ఇలాంటి పెట్టె వేడెక్కిందంటే పదింట ఎనిమిదిసార్లు వదులు నట్టే కారణం. ముప్పై రెండు నట్లూ కొలత పానాతో ఒక్కొక్కటే బిగించి చూశాడు. ఒక్కటీ కదల్లేదు, తన చేతి బిగువు మీద తనకే మెప్పు కలిగింది, వెంటనే ఆ మెప్పు సిగ్గు కూడా అయింది. తరవాత సెల్లులు. పదహారూ అక్కచెల్లెళ్లలా ఒక్క తీరున ఉన్నాయి. తరవాత వాడకం. రెండు నెలల లెక్కంతా బోర్డు దాచి ఉంచింది. ఫ్యాన్లు, దీపాలు, మందుల ఫ్రిజ్జు, మైకు అన్నీ కలిసి తిరిగిన రోజున కూడా బ్యాటరీ మీద పడిన బరువు ఐదు వందల వాట్లు దాటలేదు. కుక్కరు ఒక్కటే ఏడు వందలు తింటుంది. అంటే బ్యాటరీ మీద కుక్కరు పెట్టడమన్నది ఈ రెండు నెలల్లో ఒక్క పూట కూడా జరగలేదు.

ఒంటిగంటన్నరకు సందులో పిల్లలూ పెద్దలూ ఒక్కసారి "మీ లా బీ!" అని అరిచారు. కరెంటొచ్చిందని ఈ ఊరు ఊరంతా వేసే కేక అది, అది వినగానే మోటార్లు, కుక్కర్లు, ఇస్త్రీ పెట్టెలు అన్నీ ఒకేసారి మేలుకుంటాయి. బ్యాటరీ కూడా నిండటం మొదలుపెట్టింది. ఉండేది నాలుగు గంటలే గనక, ఆ నాలుగు గంటల్లోనే కడుపు నింపుకోవాలని ఎనభై ఆంపియర్లు లాగుతోంది. సుభాష్ ఒక అట్టముక్క తీసుకుని, పది నిమిషాలకోసారి వేడి చూసే తుపాకీ బోర్డు మీదికి గురిపెట్టి అంకె రాసుకున్నాడు. తలుపు తెరిచి ఉంచితే యాభై ఎనిమిది దగ్గర నిలిచింది. తలుపు మూసి, లక్ష్మీనరసమ్మ గారి ముఖం మళ్లీ జనం వైపు తిప్పి, ఫోనులో బోర్డు చెప్పే అంకె చూస్తే డెబ్భై, ఎనభై, ఎనభై తొమ్మిది, ఇంకా ఎక్కుతూనే ఉంది.

అదీ సంగతి. కరెంటు ఉండగానే, నిండేటప్పుడే బోర్డు మాడి గొళ్లెం వేసేసుకుంటోంది. కరెంటు ఉంది గనక ఎవరికీ తెలియడం లేదు. కరెంటు పోగానే మిషను ఆగిపోతే, అప్పుడెవరు ఏం వాడుతున్నారా అని వెతుకుతున్నారు. దొంగతనం మధ్యాహ్నం జరిగితే సాయంత్రం వీధిలో కనపడ్డ మనిషిని పట్టుకున్నట్టు.

అతనిలోని పనివాడు ఊరుకోలేదు. ఎక్కడ ఎంత వేడుందో చూద్దామని తుపాకీ పట్టుకుని భవనమంతా తిరిగి, అంకెలన్నీ అదే అట్ట మీద రాసుకొచ్చాడు. హాలు గోడ ముప్పై ఆరు. వైద్యశాల ముప్పై ఐదు. వంటశాల వెనక రేకుల షెడ్డు నలభై ఒకటి. మెట్ల కింద గది ఇరవై ఎనిమిది. ఆ గదికి ఉత్తరపు గోడ అవతల నీళ్ల తొట్టి ఉంది, ఎండ ఎప్పుడూ పడదు.

దేముడమ్మ గాజు గ్లాసులో టీ తెచ్చి అతని పక్కన నేల మీద పెట్టి, తనూ చతికిలబడింది.

"బావూ, ఏటి తెలిసినాది?"

"ఇంకా చూడాల అత్తా."

"సూడు సూడు. నువ్వు సదువుకున్నోడివి, నీ ఫోనుకి తెలుస్తాది." పెట్టె వైపు చూసి నిట్టూర్చింది. "పాపం, దీనికీ ఉక్కపోతే కావాల."

సుభాష్ టీ గ్లాసు ఖాళీ చేసి, అట్టముక్క సంచీలో అడుగున పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పింది రెండు మాటల్లోనే అయినా, ఇంటికి నడిచిన దారి పొడుగునా అది అతన్ని పీకుతూనే ఉంది.

గురువారం పొద్దున్న భార్య మల్లికకు చెప్పాడు. ఆమె కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూచుని, కరెంటుండగానే నాలుగు జాకెట్లు తెమల్చాలని కాళ్లూ చేతులూ ఆడిస్తోంది. మిషను ఆపకుండానే అంతా వింది.

"ఫలకం బిగించింది నువ్వు. అంకె మార్చింది నువ్వు. ఆ ముక్క నువ్వే పోయి చెప్తే కో జ్యా నిన్ను కొట్లో ఉంచుతాడేటి?"

"ఉంచడు."

"యాబై యేళ్లకి నీకెవడిస్తాడు పని?"

"మరి దేముడత్తో?"

మల్లిక దారం కొరికి, జాకెట్టు తిరగేసింది. "ఒప్పీసుకోమను. ఏటి పోనాది? కర్పూరం నిమిషంలో ఆరిపోతాది. గది ఉండిపోతాది. పెద్దోళ్ల దగ్గర నిజివని నిలబడితే మనలాంటోళ్లకి మిగిలీదేటి?"

"నోరు ముయ్యి," అన్నాడు సుభాష్. అంత మాట ఆమెను అతనెప్పుడూ అనలేదు. అది సలహా బాగా లేక వచ్చిన కోపం కాదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ తన మనసులో తిరుగుతున్న మాటనే ఆమె పైకి అనేసిందని వచ్చిన కోపం.

ఇంత కోపం తెచ్చుకుని, శుక్రవారం కొట్టుకు పోయే దారిలో సంఘం దగ్గర ఆగి, ఆ మాటే దేముడమ్మతో చెప్పాడు. మనిషి పిరికితనం ఎంతదూరం నడిపిస్తుందో చెప్పలేం. ఆమె దేవుడి పటాల ముందు ఇత్తడి దీపాలు చింతపండుతో తోముతోంది.

"అత్తా, ఒక్కమాట. రేపు ఒప్పీసుకో. ఊరికే, నోటితోటి. గది పోకుండా ఉంటాది."

ఆమె చెయ్యి ఆగింది. "నీ ఫోను అదే సెప్పినాదేటి, నానే సేసినానని?"

"కాదు. నువ్వు చెయ్యలేదు."

"తెలిసీ ఒప్పుకోమంటన్నావా?" దేముడమ్మ దీపం కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, పోల్చుకోలేని మనిషిని చూసినట్టు చూసింది. "రోజూ ఈ ముకం ఆయనకి సూపిస్తాను బావూ. అబద్దం ఆడి, అదే సేత్తో కర్పూరం పట్టుకుంటే, తెల్లారి దీపం ఎలగెట్టనూ? గదికోసరం అంత పని సెయ్యలేను. పోతే పోతాను."

సుభాష్ చెప్పులేసుకుని రోడ్డెక్కాడు. నిజం చెప్పాలని అతను తీర్మానించుకున్నది ఏ వేళో అతనికే తెలీదు గాని, పబేడాన్ చేరేసరికి తీర్మానం అయిపోయి ఉంది. ఎందుకంటే కొట్లోకి పోగానే ముందు కో జ్యా దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. కో జ్యా కిళ్లీ నములుతూనే విని, వారంటీ కాగితం మీద కొట్టు పేరుంది గనక ముందు ఆ పెట్టె బాగుచెయ్యమనీ, తక్కిన మాట తరవాత మాట్లాడదామనీ అన్నాడు.

శనివారం పదింటికి కమిటీ కూచుంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఐదుగురు, మధ్యలో రామలింగం గారు. ఇనప సామాను వ్యాపారం ఆయనది. నిండైన మనిషి, నెమ్మదైన గొంతు, ఎంత చిన్నవాణ్ణయినా తమ్ముడూ అని పిలిచే నోరు. ఆయన ముందు బల్ల మీద పళ్లెం, పళ్లెంలో కర్పూరం బిళ్ల. దేముడమ్మ తలుపు దగ్గర నేల మీద కూచుంది, ఉతికిన చీర కట్టుకుని.

లోకనాథం గారు గొంతు సవరించుకునేలోపలే సుభాష్ లేచి నిలబడ్డాడు.

"ఆవిడ తప్పేటీ లేదండీ. తప్పు నాది."

చెప్పడం మొదలుపెట్టాక మాటలు వాటంతట అవే వచ్చాయి. ఫోనులో రెండు నెలల లెక్క చూపించాడు. కుక్కరు ఒక్కనాడూ బ్యాటరీ మీద పెట్టలేదనటానికి అదే సాక్ష్యమన్నాడు. తలుపు తెరిస్తే యాభై ఎనిమిది, మూస్తే ఎనభై తొమ్మిది అని అట్ట చూపించాడు. ఫలకం కింద గాలి కంతలున్నాయనీ, తెలిసే బిగించాననీ, ఆ రోజు మైకు ఆగిపోతే హద్దు మార్చింది కూడా తనేననీ చెప్పాడు. వైరు కరిగే దాకా వచ్చిందనీ, మంటలు రాకపోవడం మన అదృష్టమనీ చెప్పాడు. చివరికి రామలింగం గారి వైపు తిరిగాడు. "ఆ ఫలకాన్ని తీసి, జానెడు పైన గోడకి బిగిస్తే చాలండి. అంతే పని."

అందరూ రామలింగం గారి ముఖం వైపు చూశారు. ఆయన లేచి వచ్చి సుభాష్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ రోజుల్లో తన తప్పు తను చెప్పుకునే మనిషి ఎక్కడున్నాడు? నా మనసుకి చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. నీ యజమానికి నేను ఫోన్ చేసి చెప్తాను, నీకేం మాట రానివ్వను." తరవాత దేముడమ్మ వైపు తిరిగి, చేతులు జోడించాడు. "అమ్మా, మావల్ల నీమీద నింద పడింది. మనసులో పెట్టుకోకు."

దేముడమ్మ కంగారుగా లేచి తనూ దణ్ణం పెట్టింది. కమిటీలో ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఎవరో కర్పూరం పళ్లెం తీసి పక్కన పెట్టారు. సుభాష్‌కు ఒళ్లు తేలికై, గుక్కెడు చల్లటి నీళ్లు తాగినంత హాయిగా అనిపించింది. ఇంత సులువైన పనికా నాలుగు రోజులు చచ్చాననుకున్నాడు.

"ఒక్కటే," అన్నాడు రామలింగం గారు కుర్చీలో కూచుంటూ. "అమ్మ ఫలకం ముహూర్తం చూసి ఎక్కించింది. పసుపు రాసి, పేరు పెట్టి పిలిచాక తియ్యకూడదన్నారు. తీస్తే ఆవిణ్ణి గుమ్మంలోంచి లేపినట్టవుతుంది. అది అక్కడే ఉండనివ్వండి. బ్యాటరీనే చల్లగా ఉండే చోటికి మార్చేద్దాం. ఖర్చు ఎంతైనా నాది."

"అప్పుడు ఫలకం వెనక ఏమీ ఉండదు కదండీ," అన్నాడు సుభాష్.

"ఉండకపోతేనేం? అమ్మ ఉంటుంది."

లోకనాథం గారికి హుషారొచ్చింది. గొడవ తెమిలిపోతోంది. "చల్లని చోటు వెతకడం ఎందుకండీ, ఇదిగో, ఇతనే రాసీసినాడు." బల్ల మీది అట్టముక్క తీసుకుని కళ్లజోడు సరిచేసుకుని పైకి చదివాడు. "హాలు ముప్పై ఆరు. షెడ్డు నలభై ఒకటి. మెట్ల కింద గది ఇరవై ఎనిమిది. ఇంకేటి మరి? వైరు కూడా దగ్గిరే."

సుభాష్‌కు తన చేతిరాత వేరెవరో చదువుతుంటే మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు ముందుకేశాడు.

"అది దేముడత్త గదండీ."

"ఆవిడకి షెడ్డుంది కదా. సామానంతా ఓ పక్కకి జరిపించీస్తాను, మంచం కూడా పడతాది. ఎవులు పొమ్మంటన్నారు?"

"షెడ్డులో నలభై ఒకటుందండీ. రేకులు. మీరిప్పుడే చదివినారు."

"బేటరీకి వేడి పడదని నువ్వే కదయ్యా అన్నావు? దానికి నోరు లేదు, మాడి చచ్చినా చెప్పలేదు," అన్నాడు లోకనాథం గారు, ఎంతో సహనంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "మనిషి అలగ కాదు. ఉక్కపోస్తే బయటికొచ్చి కూచుంటాది."

రామలింగం గారు కూడా తల ఊపాడు, మనిషికి తిప్పలొద్దు, షెడ్డులోకి ఒక ఫ్యాను నేనిస్తానన్నాడు. కరెంటు లేనప్పుడు ఆ ఫ్యాను ఎలా తిరుగుతుందని వాళ్లలో ఎవరూ అడగలేదు. షెడ్డుకు బ్యాటరీ లైను లేదని అక్కడ తెలిసినవాడు సుభాష్ ఒక్కడే. ఆ మాట అతను అన్నాడు. లైను లాగించే సంగతి వచ్చే నెల కమిటీలో పెడదామని లోకనాథం గారు పుస్తకంలో రాసుకున్నాడు. అందరూ లేచారు. పోతూ పోతూ ఇద్దరు సుభాష్ చెయ్యి పట్టుకుని ఊపి మెచ్చుకున్నారు. తప్పు చేసినవాడికి అంత మర్యాద జరగడం అతని యాభై ఏళ్లలో అతను చూడలేదు.

హాలు ఖాళీ అయింది. దేముడమ్మ కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తోంది.

"ఒప్పుకుంటే ఉండమన్నారు," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "సెయ్యలేదని తేలితే పొమ్మన్నారు. సిత్రంగా లేదేటి బావూ?"

"అత్తా, నాను... ఆ అంకెలు నాను రాయకపోతే..."

"నువ్వు నిజివే రాసినావు. నీ తప్పేటున్నాది?" ఆఖరి కుర్చీ ఎత్తి పెట్టి, నడుం పట్టుకుని నిలబడింది. "నా పేరు నాకొచ్చీసినాది. దాన్నిప్పుడు ఎక్కడెట్టుకోనూ?"

అతను పళ్లెంలో మిగిలిన కర్పూరం బిళ్ల వైపు చూశాడు. ఆమె దాన్ని కూడా తీసుకుపోయి దేవుడి అరలో పెట్టేసింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి సుభాష్ కొత్త వైరు చుట్టతో వచ్చేసరికి మెట్ల కింద గది ఖాళీగా ఉంది. ఎవరి సాయం లేకుండానే దేముడమ్మ రేకు పెట్టె, చాప, రెండు గిన్నెలు, కుక్కరు షెడ్డుకు చేర్చుకుంది. గది ఊడ్చి, తడిబట్ట పెట్టి, బ్యాటరీ వస్తుందని గుమ్మానికి పసుపు కూడా రాసింది. ఎవరూ చెప్పి ఉండరు. అది ఆమె రోజూ చేసే పనే. వైద్యశాల వరండాలో ఆయాసం రోగులు అప్పటికే వచ్చి కూచున్నారు. వాళ్ల కోసమైనా ఈ పని ఆపకూడదని అతనికి తెలుసు, పని మానేసి కోపంగా పోవడానికి కూడా వీలులేకుండా చేసిన ఆ సంగతే అతన్ని అన్నిటికంటే ఎక్కువ కాల్చింది.

గదిలో నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది. తుపాకీ గురిపెట్టాడు. ఇరవై ఏడున్నర. నీళ్ల తొట్టి పక్క గోడ అన్నిటికంటే చల్లగా ఉంది. పెట్టె కూచునే మేర టేపుతో కొలిచి, ఆ గోడ వారగా సుద్దముక్కతో నేల మీద నాలుగు గీతలు గీశాడు. ఫలకం తెచ్చి తలుపు మీద పెట్టే పని ఈసారి లేదు. నాలుగు వైపులా జానెడు జానెడు గాలి వదలాలనుకున్నాడు.

గుమ్మంలో నీడ పడింది. దేముడమ్మ చీపురు చేత్తో పట్టుకుని నిలబడి, గీతల వైపు చూస్తోంది. అప్పటికే ముఖమంతా చెమట పట్టి ఉంది.

"అక్కడెట్టకు బావూ," అంది.

సుభాష్ తలెత్తాడు.

"వానలు పడితే ఆ గోడ పొడుగునా నీరు దిగుతాది. ఇంతెత్తు వొస్తాది." మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. "నీ పెట్టికి వేడి పడదంటే, నీరు మరీ పడదు కదేటి? ఇటేపు ఎట్టు, మెట్టు కింద వారకి. నాను తల ఇటే ఎట్టుకుని పడుకునీదాన్ని. పంతొమ్మిదేళ్లలో ఒక్క సుక్క పడలేదు."

అతను గోడ వైపు చూశాడు. సున్నం కింద పాత చెమ్మ గీత మోకాలెత్తున సన్నగా కనిపిస్తోంది. వేడి చూసే తుపాకీకి అది తెలియదు. ఫోనుకూ తెలియదు. ఆమె అప్పటికే వరండా ఊడ్చటానికి వెళ్లిపోయింది.

సుభాష్ వంగి, గీసిన గీతలు అరచేత్తో చెరిపేశాడు. తరవాత జరిగి, ఆమె తల పెట్టుకునే చోట మళ్లీ గీశాడు.